మాక్రోకును బహుళము కావలెను

వ్యాకరణము చదివినవారికి సూత్రమన నేమో చెప్పనక్కరలేదు. ఒక చిన్న వాక్యములో వేయి పదముల నడక ఇముడును. కంప్యూటరు పనివారు మాక్రో అనునదియు అట్టిదే. వరుసగా చేయవలసిన పది పనులను ఒక పేరు క్రింద వ్రాసియుంచినచో, ఆ పేరు పిలిచినంతనే పదియు జరిగిపోవును. దూరమున నుండి ఇతరుల కంప్యూటర్లను బాగుచేయువారికి ఇది గొప్ప ఆసరా. హైదరాబాదులో కూర్చుండి రాత్రివేళ అమెరికా కార్యాలయపు యంత్రమును సవరించు యువకునికి వచ్చు ఫిర్యాదులలో పెక్కు ఒక్క తీరువే గదా!

ప్రింటరు సంగతి చూడుడు. కాగితము రాదు, పంపిన పత్రములన్నియు వరుసలో చిక్కుకొని యుండును. విండోసు యంత్రమున దీనికి మందు తెలిసినదే. స్పూలరు అను సేవను ఆపవలెను. దాని ఫోల్డరులో పేరుకొన్న ఫైళ్లను తుడిచివేయవలెను. సేవను మరల నడపవలెను. చేతితో చేసినచో కొన్ని నిమిషములు, మాక్రోకు కొన్ని క్షణములు. కాని మొదటి మెట్టు విఫలమైనచో? సేవ ఆగనిదే వాడుకలోనున్న ఫైలు తొలగదు. అయినను, ఆగి చూడుమని వ్రాయని మాక్రో చివరివరకు పరుగెత్తి, పని పూర్తియైనదని చెప్పును. అంతకన్న విషమము మరొకటి కలదు. ఆ వరుసలో ఇతరుల పత్రములును ఉండవచ్చును. పరీక్షకు ముందురోజున పాఠశాల గుమాస్తా పంపిన హాలుటిక్కెట్లు, చిక్కిన ఒక్క కాగితముతో పాటు తుడిచిపెట్టుకొని పోవును. చేతితో చేయువాడు వరుసను కన్నులార చూచును. సందేహము కలిగిన అడుగును.

మన వ్యాకర్తలు ఈ చిక్కు నెరిగినవారు. ఉకారమునకు సంధి నిత్యమని చెప్పి ఊరకుండలేదు. ఇకారమునకు కొన్ని పదములలో వైకల్పికమనిరి, అకారమునకు బహుళమనిరి. ఎక్కడ వర్తింపదో తెలియవలెనన్న ప్రయోగములను వెదకి చూచియుండవలెను.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సంస్థ నుండి లోపముగల మార్పు ఒకటి లోకమంతటి యంత్రములకు స్వయముగా చేరినది. అది మాక్రో కాదు. కాని ఒక్క ఆజ్ఞతో అన్ని యంత్రములను నడపు పద్ధతి అదే. మైక్రోసాఫ్టు అంచనా ప్రకారము 85 లక్షల విండోసు యంత్రములు దెబ్బతినెను. సంస్థ 78 నిమిషములలో ఆ మార్పును వెనుకకు తీసికొన్నను, అప్పటికే నిలిచిపోయిన యంత్రములలో పెక్కింటికి దూరమునుండి చేయి అందలేదు. ఒక్కొక్కదానిని సేఫ్ మోడులో తెరచి, ఆ ఫైలును చేతితో తీసివేయవలసి వచ్చెను.

గంటకు ఇన్ని ఫిర్యాదులు తీర్చవలెనను లెక్కతో నడచు కార్యాలయములు, చేరిన మొదటి దినముననే క్రొత్తవాని చేతికి సిద్ధమైన మాక్రోల మూట నిచ్చుట తప్పు. వ్యయము తగ్గునందురు, తగ్గునది మొదటి నెల వ్యయమే. అతడు ఆ మూడు మెట్లను చేతితో ఎక్కవలెను, రెండు మూడుమార్లు జారవలెను. తరువాత తన మాక్రోను తానే వ్రాసికొననిండు. దానిలో, తుడుచుటకు ముందు వరుసలోని పత్రముల పేర్లు చూపి యజమాని అనుమతి అడుగు పంక్తి యొకటి తప్పక యుండును.