ఫెజ్ వెళ్తే గైడ్‌ని పెట్టుకోండి

యూరప్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు సెలవులకి స్పెయిన్ దాకా వచ్చి, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని సముద్రం దాటి మొరాకో కూడా చూసొస్తున్నారు. వాళ్లంతా నన్నడిగే ప్రశ్న ఒకటే. "ఫెజ్‌కి ఒక్క రోజే దొరుకుతుంది. ఏం చూడమంటారు?"

నా జవాబు కూడా ఒకటే. మంచి గైడ్‌ని పెట్టుకోండి. నాలుగైదు చోట్లే చూడండి. కానీ చూసిన చోట కాసేపు నిలబడండి. ముఖ్యంగా ఎవరైనా చేతులతో పని చేస్తుంటే అక్కడి నుంచి అంత తొందరగా కదలకండి. ఎందుకంటారా? కూర్చోండి, చెప్తాను.

రబాత్ నుంచి పొద్దున్నే రైలెక్కితే మూడు గంటల్లోపే ఫెజ్‌లో దిగుతారు. మెక్నెస్‌లో ఉంటే ఇంకా దగ్గర, గంట కూడా పట్టదు. కాసాబ్లాంకా నుంచి కూడా రావచ్చుగానీ పోనూరానూ ప్రయాణానికే సగం రోజు పోతుంది. ఇంకో సంగతి, శుక్రవారం మాత్రం పెట్టుకోకండి. ఆ రోజు జుమ్మా నమాజు, తర్వాత ఇంట్లో అందరూ కలిసి కూస్‌కూస్ తినడం, దాంతో పాత ఊళ్లో చాలా కొట్లు మూసేస్తారు. పనివాళ్లు కనబడని ఫెజ్ చూసి ఏం లాభం చెప్పండి?

ఇక గైడ్ ఎందుకో చెప్తా. ఫెజ్ పాత ఊరిని 'ఫెజ్ అల్ బాలీ' అంటారు. అందులో తొమ్మిది వేలకు పైగా సందులున్నాయని అక్కడి గైడ్లు చెప్తుంటారు. లోపలికి కారు రాదు, స్కూటరు వెళ్లే సందులు కూడా తక్కువే. పైన కప్పేసిన దారుల్లో ఫోన్‌లో మ్యాపు ఎటు చూపిస్తుందో దానికే తెలియదు. ఇదంతా నిజమేగానీ, దారి తప్పుతామనే భయంతో గైడ్‌ని పెట్టుకోమనడం లేదు. దారి తప్పితే ఏ పిల్లాణ్ణడిగినా చూపిస్తాడు. ఆ ఊరి గోడలు బయటికి ఏమీ చెప్పవు, అదీ కారణం. మట్టి రంగు గోడ, చిన్న తలుపు, అంతే కనబడుతుంది. ఆ తలుపు వెనక నాలుగువైపులా గదులు, మధ్యలో ముంగిలి, నీటి ఫౌంటెన్, దేవదారు చెక్క మీద చెక్కడాలు ఉండొచ్చు. ఏ తలుపు తడితే తెరుస్తారో, ఎక్కడ తొంగిచూడొచ్చో, ఎక్కడ చూడకూడదో ఆ ఊళ్లో పెరిగిన మనిషికే తెలుస్తుంది.

అక్కడ గైడ్లకి ప్రభుత్వం లైసెన్స్ ఇస్తుంది, కార్డు ఉంటుంది. అది చూపించమని అడగడంలో తప్పులేదు. ముందు రోజే మాట్లాడేసుకోండి. ఎన్ని గంటలు, ఎంత డబ్బు, భోజనం ఎక్కడ, అన్నీ. కొట్ల సంగతి కూడా అప్పుడే తేల్చేయాలి. తీసుకెళ్లిన ప్రతి కొట్లో గైడ్‌కి కమీషన్ ముట్టడం అక్కడ మామూలే. "మాకు కొనే పని లేదండీ, కొంటే చివర్లో ఒక్కచోట కొంటాం" అని ముందే చెప్పేస్తే ఆయనకీ సుఖం, మనకీ సుఖం. మేం వెళ్లినప్పుడు అలాగే చెప్పాం. మా గైడ్ నవ్వి, "అయితే ఇవాళ బోలెడు టైముంది" అన్నాడు. నిజంగానే ఉంది.

ముందు ఊరి బయట కొండ మీదికి తీసుకెళ్లాడు. మరీనిద్ సుల్తానుల సమాధులు శిథిలమై ఉన్న కొండ అది. కింద లోయ నిండా ఇళ్లు, మధ్యమధ్యలో ఆకుపచ్చ పెంకుల కప్పులు, మీనార్లు. నది ఎటు పోతుందో వేలు పెట్టి చూపించి ఊరు పుట్టిన కథ చెప్పాడు. 789లో మొదటి ఇద్రిస్ తూర్పు ఒడ్డున పునాది వేస్తే, ఆయన కొడుకు రెండో ఇద్రిస్ 809లో పడమటి ఒడ్డున ఇంకో ఊరు లేపాడు. స్పెయిన్‌లోని కార్దోబాలో 818లో తిరుగుబాటు జరిగాక అక్కణ్ణుంచి వెళ్లగొట్టిన కుటుంబాలు ఒక ఒడ్డుకి చేరాయి. ట్యునీసియాలోని కైరవాన్ నుంచి వచ్చినవాళ్లు రెండో ఒడ్డున స్థిరపడ్డారు. అంటే ఫెజ్ మొదటి నుంచీ వలస వచ్చినవాళ్ల ఊరు. వాళ్లు చేతిలో ఉన్న పనితనాన్ని కూడా వెంట తెచ్చుకున్నారు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే, లోపల చూసేదంతా ఎక్కడికక్కడ అర్థమవుతూ పోతుంది.

బాబ్ బూ జలూద్ గేటు దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు. బయటివైపు నీలం పలకలు, లోపలివైపు ఆకుపచ్చ. చూస్తే వెయ్యేళ్ల నాటిదనిపిస్తుందిగానీ అది 1913లో కట్టింది. అంతకు ముందు ఏడాదే ఫెజ్ ఒప్పందం మీద సంతకం చేయించుకుని ఫ్రెంచివాళ్లు దేశాన్ని తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. రాజధానిని రబాత్‌కి మార్చారు. పాత ఊరిని కదపకుండా, దాని పక్కన కొత్త ఊరు కట్టుకున్నారు. అందువల్ల పాత వీధులు అలాగే మిగిలాయి. కానీ డబ్బున్న కుటుంబాలు మెల్లగా కొత్త ఊరికీ, కాసాబ్లాంకాకీ తరలిపోయాయి. ఆ పెద్ద పెద్ద ఇళ్లలోకి పల్లెల నుంచి వచ్చిన పేదవాళ్లు గదికో కుటుంబంగా చేరారు. కొన్ని సందుల్లో రెండు గోడల మధ్య దుంగలు అడ్డంగా బిగించి ఉంటాయి, ఇళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోకుండా. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టాక మరమ్మతులు ఊపందుకున్నాయి. అందం ఒక్కటే చూసి వచ్చేయకండి, ఆ దుంగల్ని కూడా చూడండి. అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు.

గేటు దాటితే తలా కబీరా అనే పెద్ద వీధి. అంతా దిగుడే. "బాలక్! బాలక్!" అని కేక వినబడిందంటే గోడకి అంటుకుపోండి. కంచర గాడిద వస్తోందని అర్థం. గ్యాస్ సిలిండర్లు, తోళ్లు, ఇటుకలు, కూల్‌డ్రింకు పెట్టెలు, అన్నిటినీ అవే మోయాలి. ఆ జంతువులకి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి కూడా ఆ ఊళ్లో ఉంది, అమెరికన్ ఫోందుక్ అంటారు. 1927లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. మోసే మూగజీవి గురించి ఎవరో ఒకరు అన్నేళ్ల నుంచి పట్టించుకుంటున్నారంటే నాకు ఆ ఊరి మీద ఇష్టం ఇంకాస్త పెరిగింది.

అదే వీధిలో బూ ఇనానియా మదర్సా. మొరాకోలో ముస్లింలు కానివాళ్లని మసీదుల్లోకి దాదాపు ఎక్కడా రానివ్వరు. ఈ మదర్సాలోకి మాత్రం టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు. ముంగిట్లో నిలబడి గోడని కింద నుంచి పైకి చూడమన్నాడు గైడ్. గోడ కిందిభాగం జెల్లీజ్, అంటే రంగు పలకల ముక్కల అల్లిక. దాని పైన గచ్చులో చెక్కిన లతలు, అక్షరాలు. అన్నిటికన్నా పైన దేవదారు కొయ్య. మట్టి, గచ్చు, కొయ్య, ఈ వరసే ఫెజ్ అంతటా ఉంటుంది. ఒక్కసారి ఇక్కడ గుర్తుపట్టారంటే ఆ తర్వాత ఏ గుమ్మంలోకి తొంగిచూసినా మీ కన్నే చదివేస్తుంది.

ఈ మదర్సా కట్టించింది సుల్తాన్ అబూ ఇనాన్, 1350ల్లో. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన ఇంకో పని కూడా చేయించాడు. దేశదేశాలూ తిరిగొచ్చిన ఇబ్న్ బతూతాని కూర్చోబెట్టి, ఆయన చెప్తుంటే ఇబ్న్ జుజయ్ అనే పండితుడి చేత యాత్రా గ్రంథం రాయించాడు. అది 1355లో పూర్తయింది. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ దగ్గర ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతాయే ఈయన. ఆ తుగ్లకే గద్దెనెక్కకముందు 1323లో ఓరుగల్లు కోట పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి ఓడించినవాడు. కాకతీయుల రాజ్యం కూలిన ఆ ఏడాదే ఫెజ్‌లో అత్తారీన్ మదర్సాకి పునాది పడింది. మన చరిత్రకీ అంత దూరపు ఊరికీ మధ్య ఒక మనిషి నడిచి వెళ్లాడంటే ఒళ్లు జలదరించదూ?

కాస్త ముందుకెళ్తే ఓ పిల్లాడు చెక్క పలక మీద పిండి ముద్దలు పెట్టుకుని, మీద గుడ్డ కప్పుకుని పోతున్నాడు. ఎక్కడికని అడిగితే గైడ్ మమ్మల్ని వాడి వెనకాలే తీసుకెళ్లాడు. పేటకొక పొయ్యి ఉంటుంది, 'ఫెర్రాన్' అంటారు. ఇంట్లో పిండి కలిపి పంపిస్తే అక్కడ రొట్టెలు కాల్చి ఇస్తారు. మసీదు, బడి, నీళ్ల కుళాయి, హమ్మామ్ అనే వేడి స్నానాల ఇల్లు, ఈ పొయ్యి, ఐదూ ఉంటేనే అది పేట. ఒక్కోచోట పొయ్యీ హమ్మామూ పక్కపక్కనే ఉంటాయి, రెండింటికీ కట్టెలు కావాలిగదా. గైడ్ లేకపోతే ఆ నల్లటి గుమ్మాన్ని చూసి ఏ గోదామో అనుకుని వెళ్లిపోయేవాళ్లం.

భోజనం సంగతి చెప్పాలిగదా. మాంసం తినేవాళ్లకి పస్తీయా ఉంది. సన్నటి పిండి పొరల మధ్య పావురం మాంసమో కోడి మాంసమో, బాదం పప్పు పెట్టి కాల్చి, పైన పంచదార, దాల్చినచెక్క పొడి చల్లుతారు. తినని వాళ్లు 'బిస్సారా' అడగండి. ఫావా అనే పెద్ద చిక్కుడు గింజల చారు, మీద ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. 'జాలూక్' కూడా అడగండి. వంకాయ, టమాటా, వెల్లుల్లి వేసి మెదిపింది, నోట్లో పెట్టుకుంటే మన వంకాయ పచ్చడికి చెల్లెల్లా ఉంటుంది. కూరగాయల కూస్‌కూస్ అన్నా కూడా మాంసం ఉడికించిన రసంలో వండొచ్చు, అందుకే శాకాహారులు గైడ్ చేత వంటింట్లో అడిగించాలి.

మధ్యాహ్నం కరవియ్యీన్. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే ఆవిడ, కైరవాన్ నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది, తనకొచ్చిన ఆస్తితో ఈ మసీదు కట్టించిందని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. దాని చుట్టూ పెరిగిన చదువుల గూడు ఇవాళ్టికీ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. మనం గుమ్మం దగ్గరే ఆగి లోపలి ముంగిలి చూడాలి. దాని గ్రంథాలయంలో చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఇచ్చిన 'కితాబ్ అల్ ఇబర్' ప్రతి ఉంది. చెమ్మతో పాడవుతున్న ఆ గ్రంథాలయాన్ని 2012 నుంచి బాగుచేయించింది అజీజా షవూనీ, ఫెజ్‌లోనే పుట్టిన ఆర్కిటెక్ట్.

గ్రంథాలయం బయటే సఫ్ఫారీన్ చౌక్. మధ్యలో చెట్టు, చుట్టూ రాగి పాత్రలు కొట్టే కంచరివాళ్లు. పెళ్లిళ్లలో వంటకి వాడే పెద్ద పెద్ద గంగాళాలు అక్కడే తయారవుతాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని కొడుతుంటే ఒకరి దెబ్బ మధ్య ఇంకొకరి దెబ్బ పడుతుంది, ఎక్కడా తడబడదు. మేం అక్కడే పుదీనా టీ తాగుతూ చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

ఆఖరికి శవ్వారా, తోళ్లు శుద్ధి చేసే చోటు. చుట్టూ ఉన్న తోలు సామాన్ల కొట్ల మేడ మీది నుంచి చూడాలి. వాసనకి తట్టుకోమని చేతికి పుదీనా రెమ్మ ఇస్తారు. తెల్ల తొట్లలో సున్నం నీళ్లు, పావురాల రెట్ట కలిపిన నీళ్లు. సున్నం వల్ల వెంట్రుకలు ఊడతాయి, రెట్టలోని అమోనియా తోలుని మెత్తబరుస్తుంది. తర్వాత రంగు తొట్లు. నడుం దాకా దిగి కాళ్లతో తొక్కుతుంటారు. రంగులకి గోరింటాకు, నీలిమందు, దానిమ్మ తొక్కల పేర్లు చెప్తారు, రసాయన రంగులు కూడా ఇప్పుడు వాడుతున్నారు. పాత పుస్తకాలకి వేసే మేలురకం మేకతోలు అట్టని ప్రపంచమంతా 'మొరాకో' అని పిలిచేది ఈ పనితనం వల్లే. వాసన అని ముక్కు మూసుకుని, రెండు ఫొటోలు తీసుకుని దిగిపోతారు చాలామంది. అలా చేయకండి. ఆ మనుషులు ఎండలో ఎన్ని గంటలు అలా నిలబడతారో, ఆ పని చేత నడుములూ చర్మమూ ఏమవుతాయో అడగండి. మా గైడ్ దాపరికం లేకుండా చెప్పాడు. ఆ తర్వాత కొట్లో చెప్పుల జత ధర విన్నప్పుడు నాకు బేరమాడాలనిపించలేదు.

అందుకే కొనే సంగతి చివరికి పెట్టుకోమన్నాను. రోజంతా పని చూశాక వస్తువుకి విలువ తెలుస్తుంది. ఏది చేత్తో చేసిందో, ఏది ఫ్యాక్టరీ నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. వీలైతే చేసినవాడి దగ్గరే కొనండి, ఆ డబ్బు వాడి ఇంటికే వెళ్తుంది. ఆ ఊరిని నిలబెడుతున్నది గోడలకి వేసిన మరమ్మతు ఒక్కటే కాదు, కొడుక్కి ఇంకా ఆ పని నేర్పిస్తున్న తండ్రులు కూడా. కొనేవాళ్లుంటేనే వాళ్లు నేర్పిస్తారు.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు జాబితా పట్టుకుని పరుగెత్తకండి. పొద్దున కలవగానే గైడ్‌తో ఒక్క మాట చెప్పండి. "మాకేం తొందర లేదు, పని జరిగే చోటల్లా ఆపండి" అని. సాయంత్రం రైలుకి ముందు మాట్లాడుకున్న డబ్బు మీద ఇంకొంచెం కలిపి చేతిలో పెట్టండి. మంచి గైడ్‌ది కూడా ఆ ఊళ్లో ఒక పనితనమే.