వేగులవాని విరహం – కాగితపు మనుషుల మరణం

కళాశాల గ్రంథాలయానికి హాస్య నవలలు కొనడం ధన దుర్వినియోగమేనని భావించే పెద్దలు నేటికీ వున్నారు. గూఢచారి నవలలైతే మరింత అపరాధం. ఈ రెండు దోషాలూ ఒకే గ్రంథంలో కలిసి, అది చాలదన్నట్లు అందులో ఒక విరహగాథ కూడ చేరినప్పుడు ఇక చెప్పవలసినదేమున్నది! అట్టి గ్రంథాన్నే ఒకదానిని పాఠకుల ముందుంచి, మన విద్యార్థులు దానిని చదివి తీరవలెనని వాదించడానికి మేము పూనుకొన్నాము. అది ఆంగ్ల రచయిత గ్రహాం గ్రీన్ 1958లో ప్రకటించిన 'అవర్ మ్యాన్ ఇన్ హవానా'. హవానాలో మన మనిషి అని తెలుగు చేసుకోవచ్చును. గ్రీన్ తన రచనలలో గంభీరమైన వాటిని నవలలనీ, తక్కిన వాటిని వినోదాలనీ రెండు తెగలుగా విభజించుకొనేవాడు. దీనిని వినోదాల పద్దులో వ్రాసుకొన్నాడు. రచయిత మాటను ఈ ఒక్క విషయంలో మేము మన్నించలేకున్నాము.

గూఢచారి కథలు మనకు కొత్తవి కావు. మన ఉర్దూ విద్యార్థుల ఇండ్లలో ఇబ్నె సఫీ పేరు తెలియని పెద్దలుండరు. 1952లో అలహాబాదు నుండి 'జాసూసీ దునియా' వెలువడిన నాటి నుండి 1980లో ఆయన కన్నుమూసేవరకు ఆ పుస్తకాల కోసం పాఠకులు ఎదురుచూచిన వైనం ఒక చరిత్ర. తెలుగు విద్యార్థుల ఇండ్లలో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ అట్టివాడే. ఇబ్నె సఫీ సృష్టించిన ఇమ్రాన్‌కు, మేము చెప్పబోయే కథానాయకునికి ఒక చిత్రమైన సంబంధమున్నది. ఇమ్రాన్ మహా మేధావి, మూర్ఖునివలె నటిస్తాడు. గ్రీన్ నాయకుడు సామాన్యుడు, మేధావివలె నటించవలసి వస్తుంది. మొదటి నటన చూచి మనం నిశ్చింతగా నవ్వుతాము. రెండవ దానిలో నవ్వు మధ్యలో ఆగిపోతుంది.

ఆ సామాన్యుని పేరు వర్మోల్డ్. బటిస్టా నిరంకుశ పాలనలోని క్యూబా రాజధాని హవానాలో ఇల్లు ఊడ్చే విద్యుత్ యంత్రాలు అమ్ముకొనే ఆంగ్లేయుడు. వ్యాపారం అంతంతమాత్రం. భార్య విడిచిపోయింది. పదిహేడవ యేట అడుగుపెడుతున్న కుమార్తె మిల్లీ మాత్రమే అతనికి మిగిలిన సంపద. భార్య కేథలిక్ మతస్థురాలు, అతనికి ఏ మతమందూ విశ్వాసం లేదు. అయినా బిడ్డను తల్లి మతంలోనే పెంచుతానని ఇచ్చిన మాటను, ఆ తల్లి వెళ్ళిపోయిన తరువాత కూడ నిలుపుకొంటూ వస్తున్నాడు. విరహమంటే నిట్టూర్పులూ వెన్నెల రాత్రులూ అని అలవాటు పడిన మనకు, ఇచ్చిన మాటను ఒంటరిగా మోసుకొని తిరిగే విరహం కూడ ఒకటి వున్నదని ఈ నవల చెప్పకనే చెబుతుంది.

మిల్లీకి ఒక గుఱ్ఱం కావలసి వచ్చింది. గుఱ్ఱం కొన్న తరువాత దానిని కట్టివేయడానికీ, స్వారీ చేయడానికీ సంపన్నుల క్లబ్బులో సభ్యత్వం కావలసి వచ్చింది. సరిగా ఆ సమయానికే బ్రిటిష్ రహస్య శాఖకు చెందిన హాతార్న్ అనే అధికారి ఒక మద్యశాల మరుగుదొడ్డిలో, మాటలు బయటికి వినబడకుండ కొళాయి విప్పి, వర్మోల్డును వేగులవానిగా నియమిస్తాడు. జీతమున్నది, ఖర్చులకు వేరే ధనమున్నది, పన్ను లేదు. చేయవలసిన పనియేమిటో మాత్రం నియమితుడైన వానికీ తెలియదు, నియమించిన వానికీ అంతగా తెలియదు. క్లబ్బు సభ్యుల పట్టికలో నుండి రెండు పేర్లు తీసి ఒక ఇంజనీరును, ఒక ఆచార్యుని తన కింది వేగులుగా లండనుకు వ్రాస్తాడు. మరికొందరిని అక్కడక్కడ నుండి చేర్చుకొంటాడు. రావుల్ అనే విమాన చోదకుని కేవలం ఊహలో నుండే పుట్టిస్తాడు. అందరికీ జీతాలు వస్తుంటాయి. చివరకు తూర్పు క్యూబా కొండలలో ఏదో భయంకర ఆయుధ నిర్మాణం జరుగుతున్నదని, తాను అమ్మే యంత్రం విడిభాగాలనే పెద్దవిగా బొమ్మలు గీసి పంపుతాడు. లండనులో పెద్దలు వాటిని చూచి గుండెలు బాదుకొంటారు. ఆ బొమ్మ ఎక్కడో చూచినట్లున్నదని హాతార్నుకు అనుమానం తగులుతుంది. కాని తాను నియమించిన మనిషి కనుక నోరు మెదపడు. ఆ ఒక్క మౌనంలో ఎన్ని కార్యాలయాలున్నవో అనుభవజ్ఞులైన మా కమిటీ పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ మనకు కౌటిల్యుడు గుర్తుకు రాక తప్పదు. అర్థశాస్త్రంలో వేగులవారి తెగలను లెక్కించిన చోట వైదేహకుడు అనే ఒకడున్నాడు. వర్తకపు జీవనం సన్నగిల్లిన వ్యాపారి, తెలివీ శీలమూ కలవాడు వాడు. వర్మోల్డుకు ఇంతకంటె సరిపోయే వర్ణన వుండదు. అయితే అదే గ్రంథకర్త, పరస్పరం ఎరుగని ముగ్గురి మాట ఒకటైనప్పుడే వార్తను నమ్మవలెనని కూడ విధించాడు. లండను పెద్దలు ముగ్గురిని నమ్మలేదని అనలేము. వారు నమ్మిన ముగ్గురూ నలుగురూ ఒక్కని కలం నుండే పుట్టినవారు.

ఇదంతా అతిశయోక్తి అని త్రోసివేయడానికి వీలులేదు. గ్రీన్ స్వయంగా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ శాఖలో పనిచేసినవాడు. ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో వేగులవానిగా వున్నాడు. తరువాత లండనులో పోర్చుగల్ వ్యవహారాలు చూచాడు. అక్కడి జర్మన్ వేగులవారు కొందరు లేని సహచరులను కల్పించి, లేని వార్తలు వ్రాసి, జీతభత్యాలు పెంచుకొనడం అతడు కాగితాలలో చూచినదే. ఈ కథను మొదట హిట్లరు కాలంలో ఎస్టోనియా దేశపు టాలిన్ నగరంలో జరిగినట్లు సినిమా కోసం ఊహించాడు. అందులో నాయకుడు భార్య దుబారా కోసం అబద్ధాలాడతాడు. అట్టి కాలంలో దుబారా భార్య కోసం దేశాన్ని మోసగించేవానిపై ఎవరికీ జాలి కలుగదని గ్రహించి, తరువాత భార్య స్థానంలో బిడ్డను, టాలిన్ స్థానంలో హవానాను నిలిపాడు. ఆ మార్పులోనే ఈ నవలకు ప్రాణం వచ్చిందని మా అభిప్రాయం.

నవలలోని అసలు ప్రేమకథ సగం గడిచిన తరువాత వస్తుంది. వర్మోల్డు సాధించిన ఘనకార్యాలకు మెచ్చి లండనువారు బియాట్రిస్ అనే కార్యదర్శినిని పంపుతారు. వర్మోల్డు ఆమెను ప్రేమిస్తాడు. అయితే ఆమె అతని సహచరులను చూడడానికీ, వారిని కాపాడడానికీ వచ్చింది. లేని రావుల్ ప్రాణానికి ఆపద కలుగుతుందేమోనని ఆమె నిజంగా తల్లడిల్లుతుంటే, ఆ తల్లడింపును ప్రేమించే మనిషి దానికి కారణమైన అబద్ధాన్ని ఎట్లు విప్పగలడు? నిజం చెబితే ఆమె పోతుంది, చెప్పకపోతే ఆమెకు దక్కేది తాను కాడు. ప్రేమికుని నోరు మూయించడానికి లోకంలో కులం, ధనం, పెద్దలు అనే అడ్డంకులను మన కథకులు ఎన్నో కల్పించారు. ఉద్యోగపు ఫైలును అడ్డంకిగా చేసిన ప్రేమకథను మేము మరొకటి ఎరుగము.

ఆ తరువాత ఏమి జరిగినదో చెప్పినందువలన చదువరుల ఆసక్తి తగ్గునేమోనని సందేహించాము. కాని అది చెప్పనిదే మా వాదం నిలువదు. రావుల్ అనే విమాన చోదకుడు కారు ప్రమాదంలో మరణించినట్లు వార్త వస్తుంది! ఊహలో పుట్టించిన పేరుతో నిజంగానే ఒక మనిషి వున్నాడు. అతడు నిజంగానే చచ్చిపోయాడు. క్లబ్బు పట్టికలోని ఇంజనీరుపై ఎవరో కాల్పులు జరుపుతారు. లండనుకు పోయిన కాగితాలు శత్రువులకు కూడ చేరినవి. శత్రువులు కూడ వాటిని నమ్మారు. వర్మోల్డుకు ప్రాణమిత్రుడైన ముసలి జర్మన్ వైద్యుడు హాసెల్‌బాకర్ పూర్వం ఒక సలహా ఇచ్చివున్నాడు. వారికి రహస్యాలు కావలసివస్తే కల్పించు, కల్పించినంత కాలం ఎవరికీ హాని వుండదు అన్నది ఆ సలహా సారాంశం. ఆ సదుద్దేశపరుడే తుపాకి గుండుకు బలియైపోతాడు.

కాగితం మీద వ్రాసిన పేరుకు కాళ్ళూ చేతులూ నెత్తురూ వుంటాయి. ఈ సంగతి ఈ కళాశాలలో చదివే మనకు నవలలు చదివి తెలుసుకోవలసినది కాకపోవచ్చును. మనను ఎన్నడూ చూడనివారు మనను గురించి వ్రాసిన ఒక వాక్యం ఎంత దూరం ప్రయాణించగలదో, దానిని వెనుకకు రప్పించడం ఎంత దుర్లభమో మన పెద్దలకు అనుభవమే. అయినా ఆ అనుభవాన్ని ఎదుటి వైపు నుండి, అనగా కలం పట్టినవాని వైపు నుండి చూపించిన రచన కావడం చేతనే దీనిని మేము ఇంతగా పట్టుకొని మాట్లాడుతున్నాము. వర్మోల్డు దుర్మార్గుడు కాడు. బిడ్డను ప్రేమించే తండ్రి. ఎవరి మీదా పగలేదు. అతడు చేసినదల్లా ఒక పట్టిక చూచి పేర్లు ఎక్కించడం.

సెగూరా అనే పోలీసు అధికారి ఈ నవలలో మరువరాని పాత్ర. మిల్లీని వివాహమాడవలెనని అతని కోరిక. అతని జేబులోని సిగరెట్టు పెట్టె మనిషి చర్మంతో చేసినది. తన తండ్రిని హింసించి చంపిన పోలీసు అధికారి చర్మమది. ఒకనాడు అతడు, లోకంలో హింసించదగిన వర్గమొకటి, హింసించరాని వర్గమొకటి వున్నవని వర్మోల్డుకు తాపీగా వివరిస్తాడు. తన దేశపు బీదలు, లాటిన్ అమెరికా బీదలు, మధ్య ఐరోపా బీదలు, తూర్పు దేశాల బీదలు మొదటి వర్గానికి చెందుతారట! ఇది హాస్య సన్నివేశమే, మేమూ నవ్వినాము. తూర్పు దేశాల బీదలు అన్న చోట మాత్రం పుస్తకం ఒక్క క్షణం మూసివేసినాము.

ఈ నవలపై తగిన ఆక్షేపణ ఒకటి వున్నది. అది ఇతరులు చేసినదే కాదు, గ్రీన్ తానే 1980లో ప్రకటించిన స్వీయ జ్ఞాపకాలలో అంగీకరించినది. రహస్య శాఖను పరిహసించాలనే తొందరలో బటిస్టా పాలనలోని ఘోరాన్ని తక్కువచేసి చూపినట్లయిందనీ, క్యూబా వారి దృష్టిలో అది క్షమింపరానిదనీ అతడు గ్రహించాడు. నవల వెలువడిన కొద్ది నెలలకే, 1959 జనవరి 1న, బటిస్టా దేశం విడిచి పారిపోయాడు. ఆ యేడే కరోల్ రీడ్ దర్శకత్వంలో, ఎలెక్ గినెస్ నాయకుడుగా, ఈ కథను కాస్ట్రో ప్రభుత్వపు హవానాలోనే చిత్రీకరించారు. ఆక్షేపణలో న్యాయమున్నదని మేమూ ఒప్పుకొంటాము. అయితే మా ఫిర్యాదు కొంచెం వేరు. సిగరెట్టు పెట్టెతో ఆ ఘోరం తెలిసిపోతూనే వున్నది. తెలియనిది క్యూబా మనుషులే. పేరు దొంగిలింపబడిన ఇంజనీరు, ఆచార్యుడు అలా కనబడి ఇలా మాయమవుతారు. చనిపోయిన రావుల్ ఇంటికి రచయిత మనలను తీసుకొనిపోలేదు. తన నాయకుడు ఏ పట్టికలో నుండి పేర్లు ఎత్తుకొన్నాడో, గ్రీన్ కూడ కొంతవరకు ఆ పట్టికనే వాడుకొన్నాడు. హవానా బజార్లను అంత అందంగా చూపినవాడు అక్కడి ఒక్క గుమ్మం లోపలికైనా పోయివుండవలసినది.

అంతమాత్రాన నవల విలువ తగ్గదు. 1962 అక్టోబరులో అదే క్యూబాలో నిజమైన క్షిపణులు బయటపడినప్పుడు గ్రీన్ కల్పనను లోకం మరొకసారి తలచుకొన్నది. మాకు అంతకంటె భయంకరంగా తోచేది 2003 నాటి ఇరాక్ ఉదంతం. 'కర్వ్‌బాల్' అనే మారుపేరుతో జర్మనీలో ఆశ్రయం పొందిన ఒక ఇరాకీయుడు, సద్దాం ప్రభుత్వం లారీలలో విషక్రిమి ప్రయోగశాలలు నడుపుతున్నదని కథ అల్లాడు. అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పవెల్ 2003 ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో ఆ లారీల బొమ్మలు చూపించాడు. ఛాయాచిత్రాలు కావు, గీసిన బొమ్మలు. మరుసటి నెలలో బాగ్దాదుపై బాంబులు కురిసినవి. అట్టి లారీలు ఎక్కడా దొరకలేదు. తాను చెప్పినది అబద్ధమని ఆ మనిషి 2011లో ఒప్పుకొన్నాడు. ఇల్లు ఊడ్చే యంత్రపు బొమ్మను చూచి గుండెలు బాదుకొన్న పెద్దలను గూర్చి 1958లో చదివి నవ్వినవారిలో ఎందరు జీవించివుండి ఆనాటి సభను చూచారో కదా! అందుకే ఇది వినోదం అన్న రచయిత మాటను మన్నించలేమని మొదటనే మనవి చేసినాము.

నవల ముగింపు లండనులో. అబద్ధమంతా బయటపడింది. వర్మోల్డును శిక్షించవలెనంటే తాము మోసపోయిన సంగతి లోకానికి చెప్పుకోవలసి వస్తుంది. కనుక శాఖ పెద్దలు చాలసేపు ఆలోచించి, అతనికి ఒక బిరుదును, కొత్తగా చేరే వేగులవారికి పాఠాలు చెప్పే ఉద్యోగాన్ని ప్రసాదిస్తారు. బియాట్రిస్ మాత్రం అదే పెద్దల ఎదుట నిలిచి, దేశాలకంటె మనం ప్రేమించే మనుషులకు విధేయులమై వుండడం మేలని నిర్భయంగా చెప్పి వస్తుంది. వారిద్దరూ వివాహానికి నిశ్చయించుకొంటారు. మిల్లీకి అభ్యంతరం లేదు. హవానాలో హాసెల్‌బాకర్ కూర్చొనే మద్యశాలలో ఆ సాయంకాలం అతని కుర్చీలో ఎవరు కూర్చున్నారో గ్రీన్ వ్రాయలేదు.