ఇంటి మాటలు: నీల్ రోడ్డులో నీలి ఇల్లు

ఈ నెల మన పాఠం ఒక పాత ఇంట్లో.

సింగపూర్ నీల్ రోడ్డులో 157వ నంబరు ఇల్లు చూశారా? ముందు గోడలు నీలం రంగు. పేరు బాబా హౌస్. షిర్డీ బాబా గారికీ దీనికీ సంబంధం లేదు! ఇక్కడ తరతరాలుగా స్థిరపడిన పెరనాకన్ చైనీయుల్లో మగవారిని బాబా అని, ఆడవారిని న్యోన్యా అని అంటారు.

1890లలో కట్టిన ఈ ఇల్లు ఓడల వ్యాపారి వీ బిన్ వంశం వారిది. ఆగ్నెస్ టాన్ గారు తమ తండ్రి టాన్ చెంగ్ లాక్ జ్ఞాపకార్థం ఇచ్చిన విరాళంతో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం దీన్ని కొన్నది. బాగుచేయించి 2008లో మ్యూజియంగా తెరిచింది. కింది రెండు అంతస్తులూ 1928 నాటి కాపురంలా అమర్చారు.

పదండి, లోపలికి వెళ్దాం. ఒక్కో చోటా ఒక తెలుగు మాట అనుకుందాం.

గుమ్మం దగ్గర కింద అడ్డంగా ఉండేది గడప. మనవాళ్లు దానికి పసుపు రాసి బొట్లు పెడతారు. దాని మీద కూర్చోనివ్వరు.

ఇంటి నడుమ పైకప్పు లేని చోటు ఉంది. వెలుగు, గాలి, వాన నేరుగా లోపలికి వస్తాయి. గోదావరి జిల్లాల పాత ఇళ్లలోనూ ఇలాంటిది ఉంటుంది. దాన్ని మండువా అంటారు. ఆ ఇల్లు మండువా లోగిలి.

మేడ మీద పడకగది నేలలో చిన్న కంత ఉంది. కింద ఎవరొచ్చారో ఇంటివాళ్లు అందులోంచి చూసుకునేవారు. కంత అంటే రంధ్రం.

ఇప్పుడు ఒక ప్రశ్న. మన ముత్తాతల ఇల్లు ఏది?

మలయా తోటల్లో మనవాళ్లు ఉన్నవి కంపెనీ కట్టించిన వరస ఇళ్లు. పని ఉన్నంత కాలమే ఆ ఇల్లు. పని పోతే ఇల్లూ పోయేది. ఒప్పంద కూలీ పద్ధతి ఇక్కడ 1910లో ఆగింది. ఆ తర్వాతా కూలీల ఇల్లు కూలీలది కాలేదు. ఓడల యజమాని ఇల్లు నిలిచింది. ఓడలో వచ్చిన కూలీకి నిలబెట్టుకోవడానికి సొంత ఇల్లే లేదు.

అయితే ఆ కూలీ వెంట తెచ్చుకున్న మాటలు ఉన్నాయి. గడప, అటక, పెరడు, పొయ్యి. సొంత ఇల్లు లేనివాళ్లు కూడా ఈ మాటలను పిల్లలకు ఇచ్చి వెళ్లారు. వీటిని కాపాడటానికి విరాళం అక్కర్లేదు. పలికేవాళ్లు కావాలి.

ఈ నెల పని: మీ తాతగారినో అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి, చిన్నప్పటి ఇంటిని మాటల్లో చూపించమనండి. ఎక్కడ వండేవారు? ఎక్కడ పడుకునేవారు? వారు ఏ మాట అంటే ఆ మాటే రాయండి. పుస్తకంలో వేరేగా ఉంటే దిద్దకండి. మీ ఇంటి మాటే మీకు సరైన మాట.

కొత్త మాటలు
అటక: సామాను పెట్టుకోవడానికి కప్పు కింద కట్టిన చోటు.
పెరడు: ఇంటి వెనుక ఖాళీ స్థలం.
కాపురం: కుటుంబంగా కలిసి బతకడం.