నీట నిలిచి చెప్పిన మాట

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరముగా గుండ్లకమ్మ యొడ్డుననున్న వెల్లంపల్లియొద్ద, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ముందునాడు 614 మంది, మరునాడు 700 మంది. జూలై వచ్చినదనిన మా ప్రాంతపు బాప్తిస్టు సంఘములలో ఈ సంఖ్యలు మరల మరల వినవచ్చును. వినినప్పుడెల్ల నా మనస్సు సంఖ్యను విడిచి, ఆ వేలమందిలో నొక్కడై, మొలలోతు నీటిచెంత తన పేరు పిలుపునకై చెవియొగ్గి నిలిచిన మనుష్యునియొద్దకు పోవును. ఏలయనగా ఆనాడు వారిని ఏటిలోనికి మందగా దింపలేదు. బోధకులు ముందుగ విచారించి, తాము పూచీపడగలవారిని మాత్రమే యేరి, పేరుపేరున పిలిచి, ఒక్కొక్కరిని ముంచిరి. ముంచిన చేతులును తెలుగు చేతులే: అభిషిక్తులైన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసికొని ఆ కార్యమును నిర్వహించిరి.

అంతకుముందు ధాతకరవు. ఆ క్షామమున అమెరికను మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, ఆకలికి ఊళ్ళు విడిచి వచ్చిన వేలమందికి కూలి కల్పించెను. మట్టి మోసినవారు విరామవేళల బోధకుల మాటలు వినిరి, బాప్తిస్మమిమ్మని యడిగిరి. కూటికొఱకు కలిసిరన్న మాట రాగూడదని, కరవు సహాయము ముగియువరకు, సంవత్సరమునకు పైగా, ఆయన వారిని నిలిపియుంచెను. ఆ నిందను నేటికిని సులభముగ ప్రయోగించువారు ఈ నిరీక్షణను ఎరుగవలెను. ఇంకొక మాటయు దాపరికము లేక చెప్పుదును: ఆకలిగొన్న వేళ తనను మనుష్యునిగా చూచి అన్నము పెట్టిన చేతియందు ఒకనికి నమ్మిక కుదిరినచో, అది హీనమైన విశ్వాసమని నేననను.

వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. తాళ్ళకొండపాటి యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందిన నాటనుండి, బంధువునుండి బంధువునకు, పల్లెనుండి పల్లెకు ఆ మార్గము ప్రాకినది. ఆదివారము పనిచేయకుండుట, చచ్చిన గొడ్డు మాంసము తినకుండుట, విగ్రహములను కొలువకుండుట యను మూడు నియమములను వారు పూనిరి. అందులకు గ్రామాధికారుల యాగ్రహమును చవిచూచిరి. వెట్టికి రమ్మన్నపుడు, గొడ్డును మోయుమన్నపుడు, జాతరలో డప్పు కొట్టుమన్నపుడు, నీకు సమ్మతమేనా యని తరతరములుగ వారిని ఎవ్వరును అడిగి యుండలేదు. నీవు విశ్వసించుచున్నావా యన్న ప్రశ్న, కాదనుటకును తావుగల ప్రశ్న, అట్టి జీవితములలో ఎంత క్రొత్తదై యుండునో యోచింపుడు. బాప్తిస్మముయొక్క అర్థమును నేను మొదట వెదకునది ఆ ప్రశ్నయందే. దాని వెనుక ప్రత్యుత్తరమునకై ఆగిన ఆ క్షణమందే.

నా బాప్తిస్మము సాగరు కాలువలో జరిగినది. మా మందిరములో తొట్టి లేకుండుటచే, కాలువకు నీరు వదలు కాలమునకై కనిపెట్టుకొని యుండవలసివచ్చెను. గట్టుపై స్త్రీలు పాట పాడుచుండిరి. మా నాయనమ్మ తువాలు భుజమున వేసికొని నీటి యంచువరకు వచ్చియుండెను. ప్రవాహపు వడికి కాళ్ళు నిలద్రొక్కుకొనుటయే కష్టముగ నుండెను. అయ్యగారు నా వీపునకు ఒక చేయి ఆన్చి, యేసుప్రభువును నీ సొంత రక్షకునిగా అంగీకరించుచున్నావా యని యడిగిరి. నాకు గొంతు పెగలలేదు. నా వెనుక ఇంకను పలువురు వరుసగా నిలిచియున్నను, "తొందర లేదు నాయనా, నువ్వు చెప్పినప్పుడే" అని ఆయన ఆగిరి. చెప్పితిని. మునిగి లేచి గట్టెక్కినపుడు మా నాయనమ్మ తల తుడుచుచు, "ఇంతకాలం నా నమ్మకంలో ఉన్నావు అబ్బయ్యా, ఇప్పుడు నీది నీకొచ్చింది" అనెను. ఇంతకన్న చక్కని వ్యాఖ్యానమును ఏ వేదాంత గ్రంథమునను నేను చదువలేదు.

అయితే నా భార్యది గుంటూరు లూథరను కుటుంబము. 1842లో హయ్యరు పాదిరి ఆ పట్టణమునకు తెచ్చిన సంప్రదాయమున శిశువులకును బాప్తిస్మము కలదు. మా అమ్మాయికి అచ్చటనే ఇప్పించితిమి. మావైపు పెద్దలు నొచ్చుకొనిరి. అత్తగారి చేతులలో నిదురించుచున్న బిడ్డ శిరస్సున పాస్టరుగారు నీరు పోయగా, మేమును సంఘమును ఆ బిడ్డ పక్షమున ప్రమాణము చేసితిమి. మాట రాకమునుపే మనలను స్వీకరించిన ప్రేమ యొకటి కలదనియు, మన ప్రత్యుత్తరములన్నియు దాని తరువాతివే యనియు నాకు ఆనాడు తోచినది. క్రైస్తవసంఘపు తొలి దినములనాటి దిదఖే యను గ్రంథము పారునీరు మేలని చెప్పి, అది దొరకనిచోట వేరు నీటిని, అదియును లేనిచోట తలపై ముమ్మారు పోయుటను అనుమతించినది. అంతటి ఔదార్యము గల పెద్దలకు వారసులమై మనము ముంచుటయా, చిలుకరించుటయా యని బంధుత్వములు తెంచుకొనుట నాకు దుఃఖము కలిగించును. మా అమ్మాయి కన్ఫర్మేషను నాడు తన నోటితో తానే చెప్పవలసియున్నది. చెప్పునో లేదో ఆమె యిష్టము.

ఈ ప్రత్యుత్తరమునకు మన రాజ్యము వెల కట్టినది. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి యుత్తర్వులోని మూడవ పేరా షెడ్యూల్డు కులముల హోదాను మతముతో ముడివెట్టెను; 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినను, క్రైస్తవుడైన మాలకు, మాదిగకు నేటికిని లేదు. తెలుగు రాష్ట్రములలో వారు వెనుకబడిన తరగతుల సి వర్గమున ఒక్క శాతముతో సరిపెట్టుకొనవలెను. కావుననే భార్య మునిగి భర్త గట్టుననే నిలిచిన కుటుంబములును, ఉద్యోగ విరమణవరకు బాప్తిస్మమును వాయిదా వేసికొనువారును మా సంఘములలో కలరు. అట్టివారిని పిరికివారని వేదికలపై గద్దించుట అన్యాయము. మునిగి లేచినవాడు అదే పల్లెకు, అదే వాడకు తిరిగి పోవుచున్నాడు; అద్దె యింటికై పోయినచోట అతని కులమునే అడుగుదురు; అతనియొద్దనుండి పోయినది కులమువలని యవమానము కాదు, దానికి విరుగుడుగా రాజ్యాంగము చూపిన రక్షణ మాత్రమే. 2022లో కేంద్రప్రభుత్వము ఈ విషయ విచారణకు న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన సంఘమును నియమించినది. ఆ మూడవ పేరాను తొలగింపవలెనని మన శాసనసభలును పార్లమెంటు సభ్యులును, పక్షభేదము లేక, నిలిచి యడుగవలెను.