ఎవరి దారి ముందు?



ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి, బాబాసాహెబ్ ఆశయాల గురించి వ్యాసాలు వస్తాయి. ఈసారి మేము రోడ్డు గురించి రాద్దామనుకున్నాం. "రోడ్డు గురించి రాయడానికి ఏముందిరా?" అని మా రూములోనే కొందరు నవ్వారు. అలా నవ్విన వాళ్లు కూడా పొద్దున్నే పుస్తకాల సంచి భుజాన వేసుకుని మాతోపాటే కాలేజీకి నడుస్తారు. పోను మూడు కిలోమీటర్లు, రాను మూడు కిలోమీటర్లు. ఎండాకాలంలో ఆ దారిలో తలదాచుకోవడానికి ఒక్క చెట్టు ఉండదు. వానాకాలంలో పక్కన పోయే కారు చక్రం కింది బురద మా యూనిఫాం మీద పడుతుంది.

మేము రాజధాని ప్రాంతం అంచున ఉంటున్నాం. మా చుట్టూ రోడ్లకు కొదవ లేదు. కరకట్ట వైపు నుంచి దొండపాడు దాకా వేస్తున్న సీడ్ యాక్సెస్ రోడ్డు వెడల్పు 60 మీటర్లు. అంత వెడల్పు రోడ్డు మా తాతలు కలలో కూడా చూసి ఉండరు. దాన్ని చూస్తే మాకూ గర్వంగానే ఉంటుంది. కానీ ఒక చిన్న లెక్క వేశాం. మామూలుగా నడిచే మనిషి 60 మీటర్లు దాటడానికి దాదాపు యాభై సెకన్లు పడుతుంది. నెత్తిన గడ్డిమోపు ఉన్న అమ్మకు, చంకలో బిడ్డ ఉన్న తల్లికి, కర్ర పట్టుకున్న తాతకు ఇంకెంత పడుతుంది? ఆ యాభై సెకన్లు వాహనాలు ఆగుతాయా? మేము అడగదలచుకున్నది ఇదే. రోడ్డు వేసేటప్పుడు ముందు ఎవరిని తలచుకుని వేస్తున్నారు?

రాజధాని కథ మనందరికీ తెలిసిందే. 2014 డిసెంబరులో సీఆర్‌డీఏ చట్టం వచ్చింది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ కింద ఇచ్చారు. 2019 నుంచి 2024 దాకా పనులు ఆగిపోయాయి. సగం వేసిన రోడ్ల మీద తుమ్మచెట్లు మొలవడం మేము కళ్లారా చూశాం. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. ఎవరి హయాంలో ఏం జరిగింది అనే చర్చ టీకొట్టు దగ్గర రోజూ నడుస్తూనే ఉంటుంది, ఇక్కడ మాకు ఆ చర్చ వద్దు. రాజధాని రావాలి, మన పిల్లలకు ఉద్యోగాలు రావాలి. మా గొడవల్లా వరుస గురించే.

ఇప్పుడు పత్రికల్లో వస్తున్న జాబితా చూడండి. సుమారు 190 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల రైలు మార్గం. దీనికి 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం 2,245 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. ఇందులో కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన కూడా ఉంది. విజయవాడ మెట్రో మొదటి దశ 38.4 కిలోమీటర్లు, అంచనా 11,009 కోట్లు. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం దానికి ఆమోదం ఇచ్చింది. రెండో దశలో మెట్రోను అమరావతి దాకా తెస్తామంటున్నారు. ఇవి కాక గ్రిడ్ రోడ్లు, వంతెనలు. ఈ జాబితాలో బస్సు ఎక్కడ ఉంది? సైకిలు ఎక్కడ ఉంది? నడిచే మనిషి ఎక్కడ ఉన్నాడు?

న్యాయంగా మాట్లాడాలంటే, కాగితం మీద వాళ్లు లేకపోలేదు. రాజధాని రోడ్ల నమూనా బొమ్మల్లో బస్సుకు వేరే దారి, సైకిలుకు వేరే దారి, కాలిబాట, చెట్ల వరస అన్నీ ఉన్నాయి. అయిదు నిమిషాల్లో అత్యవసర సేవలు, పది నిమిషాల నడకలో బడి, ఆసుపత్రి లాంటివి, పదిహేను నిమిషాల్లో ఆఫీసు అని మొదట్లోనే చెప్పారు. చాలా మంచి మాట. కానీ ఏ పనికి ముందు టెండరు పిలుస్తారో, ఏ పనిని 'తరువాతి దశ'లోకి నెడతారో అక్కడే అసలు విషయం బయటపడుతుంది. మా అనుభవంలో తారు ముందు పడుతుంది, కాలిబాట తరువాత వస్తుంది. ఆ 'తరువాత' ఎప్పుడో ఎవరూ చెప్పరు.

ఎందుకిలా జరుగుతుందని మేము మా ఎకనమిక్స్ సారును అడిగాం. ఆయన చెప్పిన మాట మాకు కొత్తగా అనిపించింది. "కట్టడానికి అప్పు పుడుతుందిరా, నడపడానికి పుట్టదు" అన్నారు. నిజమే కదా! 2024 డిసెంబరులో అమరావతి కోసం ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా దాదాపు అంతే ఇస్తానంది. రైలు మార్గానికి కేంద్రం డబ్బు ఉంది. కానీ పొద్దున ఆరు గంటలకు ఒక పల్లెకు బస్సు పోవాలంటే డ్రైవరు జీతం, డీజిలు, రిపేరు ఏటా కావాలి. దానికి శిలాఫలకం ఉండదు, రిబ్బన్ కత్తిరింపు ఉండదు. రెండో కారణం, ఒక్కో ప్రయాణ సాధనానిది ఒక్కో ఆఫీసు. రైలుది ఒక ఫైలు, మెట్రోది ఒక ఫైలు, హైవేలది ఒక ఫైలు, బస్సుది మరొకటి. మెట్రోను మెట్రోతో పోల్చి చూస్తారు, రోడ్డును రోడ్డుతో పోల్చి చూస్తారు. అన్నింటినీ ఒకే బల్ల మీద పెట్టి, ఈ డబ్బుతో ఎక్కువ మందికి మేలు చేసేది ఏది అని అడిగే రోజు రాదు. నడిచే మనిషికైతే ఆఫీసూ లేదు, ఫైలూ లేదు.

మేము ఆ బల్ల వేసి చూశాం. మెట్రో మొదటి దశ కిలోమీటరుకు సుమారు 287 కోట్లు పడుతుంది. అమరావతి రైలు మార్గం కిలోమీటరుకు దాదాపు 39 కోట్లు, అదీ కృష్ణ మీద వంతెనతో కలిపి. ఒక ఎలక్ట్రిక్ బస్సు కోటిన్నర అనుకున్నా, ఒక్క కిలోమీటరు మెట్రో డబ్బుతో 190 బస్సులు వస్తాయి. ఈ లెక్కతో మెట్రో వద్దని మేము అనడం లేదు. బస్సు కొన్నంత మాత్రాన అయిపోదు, నడపాలి. జనం కిక్కిరిసిన దారిలో మెట్రో మోసినంత మందిని బస్సు మోయలేదు. విజయవాడ బస్టాండు నుంచి గన్నవరం వైపు వెళ్లే రోడ్డు మీద సాయంత్రం నిలబడితే ఎవరికైనా ఆ సంగతి అర్థమవుతుంది. కానీ ఇంకా జనం చేరని రాజధాని రోడ్ల మీదికి మెట్రో గురించి మాట్లాడుతూ, ఇప్పటికే జనం ఉన్న ఊళ్లకు బస్సు గురించి మాట్లాడకపోతే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది. మెట్రోకు స్థలం ఇప్పుడే వదిలిపెట్టండి, అది ముందుచూపు. బస్సు మాత్రం ఇప్పుడే నడపండి, అది అవసరం.

బయటి ప్రపంచంలో ఇలా చేసిన ఊళ్లు ఉన్నాయి. కొలంబియా దేశ రాజధాని బొగోటాలో 1998 నుంచి 2000 దాకా ఎన్రికే పెన్యలోసా మేయరుగా ఉన్నారు. ఆయన ముందు కాలిబాటలు, సైకిల్ దారులు వేయించారు. 2000 డిసెంబరులో బస్సులకే ప్రత్యేకమైన దారితో ట్రాన్స్‌మిలెనియో మొదలైంది. మెట్రో పని ఆ ఊళ్లో ఇరవై ఏళ్ల తరువాత మొదలుపెట్టారు. వరుస అంటే మేము చెప్పేది ఇదే. మన దగ్గర కూడా ఆ ప్రయత్నం జరిగింది. విజయవాడలో బీఆర్‌టీఎస్ రోడ్డు అని ఒకటి ఉంది. బస్సుల కోసమని వేసిన దారి అది. పేరు మిగిలింది, బస్సుల ప్రత్యేక దారి మిగలలేదు. దారి వేయడం ఒక ఎత్తు, ఆ దారిలో క్రమం తప్పకుండా బస్సు నడపడం మరో ఎత్తు అని ఆ రోడ్డు మనకు నేర్పుతోంది. 2006లో కేంద్రం తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానం కూడా వాహనాలను కాదు, మనుషులను దృష్టిలో పెట్టుకోమంది. విధానాలకు లోటు లేదు.

ఇక మన వాళ్ల సంగతి. జనవరి వచ్చిందంటే మిరపకాయ కోతలు మొదలవుతాయి. మాలో చాలామంది అమ్మలు తెల్లవారుజామున ఆటో ఎక్కి ఊళ్లు దాటి కోతలకు పోతారు. ఆరుగురు ఎక్కాల్సిన ఆటోలో పద్నాలుగు మంది. కాళ్లు బయట వేలాడుతూ ఉంటాయి. రాజధానికి భూములు ఇచ్చిన ఊళ్లలో సెంటు భూమి లేని కూలీల పని ఊళ్లోంచి దూరమైంది. వాళ్లకు నెలనెలా పింఛను ఇస్తున్నారు, మంచిదే. కానీ పని పది, పదిహేను కిలోమీటర్ల అవతలికి పోయినప్పుడు పింఛనుతోపాటు దారి ఖర్చూ చూడాలి కదా. రోజు కూలిలో ఆటోకు ఎంత పోతుందో మా అమ్మలను అడిగితే ఏ ఇంజనీరుకైనా బస్సు విలువ తెలుస్తుంది.

2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళతారని అడిగారు. దేశంలో వ్యవసాయం కాని పనులు చేసేవారిలో అయిదో వంతుకు పైగా నడిచే వెళతామన్నారు. సైకిలు మీద వెళ్లేవారు వందకు పదమూడు మంది దాకా ఉన్నారు. కారులో వెళ్లేవారు వందకు ముగ్గురు కూడా లేరు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32 వేలమందికి పైగా నడిచి వెళుతున్నవారే. నడిచేవాడు కాలిబాట లేక రోడ్డు మీదికి వస్తాడు. రోడ్డు మీదికి వచ్చినందుకు ప్రాణం ఇస్తాడు. మరునాడు పేపర్లో 'గుర్తుతెలియని వాహనం ఢీకొని' అని రెండు లైన్లు వస్తాయి.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సులో ఉచిత ప్రయాణం వచ్చింది. మా అక్కచెల్లెళ్లు చాలా సంతోషించారు. కానీ మా జూనియర్ ఒకమ్మాయి అడిగిన మాట ఇంకా మా చెవుల్లో ఉంది. "బస్సే రాని ఊరికి టికెట్ ఫ్రీ అయితే ఏం లాభం అన్నా?" ఆ అమ్మాయి ఊరు మెయిన్ రోడ్డుకు నాలుగు కిలోమీటర్ల లోపల ఉంది. చీకటి పడ్డాక ఆ నాలుగు కిలోమీటర్లు ఒంటరిగా నడవడం ఎందుకని ఇంట్లో వాళ్లు ఇంటర్ మాన్పించాలని చూశారు. మన హాస్టళ్లలో అమ్మాయికి సీటు దొరకడం అంటే చాలాసార్లు చదువుతోపాటు దారి భయం తప్పడం కూడా. హాస్టల్ సీటు లేని అమ్మాయి సంగతి ఏమిటి?

మిత్రులారా, ఒక పాత మాట గుర్తు చేసుకుందాం. 1924లో తిరువాన్కూరులోని వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం మన వాళ్లు సత్యాగ్రహం చేశారు. నీళ్ల కోసం మహద్ చెరువు దగ్గరికి బాబాసాహెబ్ నడిపించినట్టే, నడక కోసం కూడా మనుషులు దెబ్బలు తిన్నారు. ఈరోజు ఏ రోడ్డు మీద బోర్డు పెట్టి మమ్మల్ని ఆపడం లేదు. కానీ కాలిబాట లేని రోడ్డు, బస్సు రాని రోడ్డు, దాటలేని రోడ్డు బోర్డు పెట్టకుండానే కొందరిని బయట నిలబెడుతుంది. రోడ్డు అందరిదీ అని చట్టం చెబితే చాలదు, రోడ్డు కూడా ఆ మాట చెప్పాలి.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. మొదటిది, రైలు, మెట్రో, రోడ్డు, బస్సు, సైకిలు, నడక అన్నింటినీ ఒకే జాబితాలో పెట్టాలి. ఎంతమందికి, ఎంత ఖర్చుతో, ఎంత త్వరగా ఉపయోగమో ఒకే కొలతతో కొలవాలి. ఆ జాబితాను గ్రామసభల్లో తెలుగులో చదివి వినిపించాలి. రెండోది, ఏ రోడ్డూ కాలిబాట, దాటే చోటు, నీడ లేకుండా పూర్తయినట్టు రాసుకోకూడదు. మూడోది, వెలగపూడి సచివాలయానికి, నేలపాడు హైకోర్టుకు, మంగళగిరి ఎయిమ్స్‌కు, యూనివర్సిటీలకు పల్లెల నుంచి వేళకు వచ్చే బస్సులు ముందు నడవాలి. నాలుగోది, రేపు రైలు వచ్చినప్పుడు చిన్న స్టేషన్లలో ఆగే ప్యాసింజరు బండి ఉండాలి. మన పొలాల మధ్య నుంచి పోయే ఎక్స్‌ప్రెస్‌కు చేతులు ఊపడానికి మాత్రమే మన పిల్లలు లైను పక్కన నిలబడకూడదు.

ఈ హాస్టల్లో చదివి ఇంజనీర్లయిన అన్నలు ఉన్నారు. పంచాయతీల్లో, సచివాలయాల్లో, ఆర్ అండ్ బీలో పనిచేస్తున్న అక్కలు, అన్నలు ఉన్నారు. రేపు మాలో కూడా కొందరు ఆ కుర్చీల్లో కూర్చుంటాం. మీ బల్ల మీదికి ఒక రోడ్డు ఫైలు వచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. సంచి భుజాన వేసుకుని మీరు నడిచిన ఆ మూడు కిలోమీటర్లు గుర్తు తెచ్చుకోండి. ఆ ఫైలులో కాలిబాట గీత ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ తమ్ముళ్లు, చెల్లెళ్లు
ఇంటర్ విద్యార్థుల బృందం