ఆఫీసు ముచ్చట్లు: ఖాళీ చోటు బరువు

ఈ నెల మేము చెప్పబోయేది మా సొంత తప్పు. కంప్యూటరు చదువులు చదివే పిల్లలున్న ఇండ్లు మన సంఘంలో చాలా ఉన్నవి గనుక వారికి ఉపయోగపడుతుందని, మావంటి పెద్దలకు ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుందని రాస్తున్నాము.

బర్గూరు జవుళి వ్యాపారం చదువరులకు కొత్త కాదు. కృష్ణగిరి నుంచి, తిరుపత్తూరు నుంచి, కుప్పం నుంచి చిల్లర అంగళ్ళవారు వచ్చి మూటలు కట్టించుకొని పోతారు. మేము గుమాస్తాగా ఉన్న అంగడిలో బిల్లులన్నీ కంప్యూటరులోనే. ఉగాది ముందు ఒక సోమవారం ఉదయం అది మొండికేసినది. ఖాతాదారు పేరులో ఒక అక్షరం కొట్టడం, రెండు మూడు సెకండ్లు కాచుకోవడం, మళ్ళీ ఇంకొక అక్షరం. లోపలి ఫ్యాను రొద వాకిటి దాకా వినబడుతున్నది. వచ్చినవారు కొందరు తమిళంలో, కొందరు తెలుగులో విసుక్కోసాగినారు.

ఆ ఉదయమే ఒక అమ్మాయి కౌంటరులో కొత్తగా చేరినది. ఇంకేమి కావాలి? “ఏమి నొక్కితివి తల్లీ?” అని మొదలుపెట్టి, పదిమంది ముందర మేము ఆమెను నానా మాటలు అన్నాము. “నేనేమీ చెయ్యలేదు సార్” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. రేపటి నుంచి రావద్దని చెప్పే ధోరణిలో యజమాని ఉన్నారు.

మా అక్క కొడుకు ఊళ్ళోని ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో చదువుతున్నాడు. వాడిని పిలిపించినాము. “మామా, ముందు ఎవరినీ అనవద్దు. యంత్రాన్నే అడుగుదాము” అని టాస్క్ మేనేజరు తెరిచినాడు. ఏ ప్రోగ్రాము ప్రోసెసరు కాలం ఎంత తీసుకుంటున్నదో చూపే పట్టిక అది. డిస్కు ఊరకే ఉన్నది, మెమరీ చాలినంత ఉన్నది. ప్రోసెసరును మాత్రం మా బిల్లుల ప్రోగ్రామే మింగుతున్నది. “ఇది దేనికోసమో కాచుకొని ఆలస్యం చేయడం లేదు మామా. ఏదో పని విపరీతంగా చేస్తున్నది. ఆ పని ఏదో కనుక్కోవాలి” అన్నాడు.

శుక్రవారం రాత్రి తీసి ఉంచిన లెక్కల నకలును తెరిస్తే అదే ప్రోగ్రాము చురుగ్గా నడిచినది. కాబట్టి ప్రోగ్రాము మారలేదు, లోపలి లెక్కలలో ఏదో మారినది. అంతట నేటి లెక్కలకు ఒక నకలు తీసి, 4,000 ఖాతాలలో సగం తీసివేసి చూచినాడు. జబ్బు ఏ సగంలో ఉన్నదో దానిని మళ్ళీ సగం చేసినాడు. ఇట్లా 12 సార్లు చేసేసరికి ఒక్క ఖాతా మిగిలినది. దాని గమనికలో “బాకీ ఉగాది వరకు” అని ఉన్నది, తరువాత సుమారు 27,000 ఖాళీలు, చివర “ఆగవచ్చు” అనే మాట. తేదీ చూస్తే శనివారం సాయంత్రం. నమోదు చేసినవారి పేరు చూస్తే మాది!

అప్పుడు జ్ఞాపకం వచ్చినది. శనివారం సాయంత్రం గమనిక సగం కొట్టి, లెడ్జరు పుస్తకాన్ని కీబోర్డు అంచు మీద పెట్టి, టీ తాగడానికి పోయినాము. దాని బరువుకు ఖాళీ మీట నొక్కుకొనే ఉన్నది. సెకనుకు 30 వంతున పావుగంటకు 27,000. తిరిగి వచ్చి, మిగిలిన మాట కొట్టి, యంత్రం ఆపి ఇంటికి పోయినాము.

ఖాళీ అంటే మనకు ఏమీ లేనట్టే, యంత్రానికి అదీ ఒక అక్షరమే. గమనిక చివర ఖాళీలుంటే తుడిచే ఏర్పాటు ఆ ప్రోగ్రాములో ఉన్నది. అది మొదటి ఖాళీ నుంచి చివరి ఖాళీ దాకా నడుస్తుంది. అక్కడ ఒక మాట అడ్డం వస్తే, వెనక్కి వచ్చి రెండవ ఖాళీ నుంచి మళ్ళీ నడుస్తుంది. తరువాత మూడవది, నాలుగవది. 27,000 ఖాళీలకు ఇట్లా సుమారు 36 కోట్ల అడుగులు. పేరు వెదకడానికి మేము ఒక అక్షరం కొట్టినప్పుడల్లా ఇంత నడక!

ఇది మా ఒక్కరికే వచ్చిన కష్టం కాదని మావాడు చెప్పినాడు. ప్రోగ్రాములు రాసేవారు లోకమంతటి నుంచి సందేహాలు తీర్చుకొనే స్టాక్ ఓవర్‌ఫ్లో 2016 జూలై 20న ఇదే కారణంతో 34 నిమిషాలు ఆగిపోయినది. అక్కడా ఒకరు రాసిన దానిలో సుమారు 20,000 ఖాళీలు, వాటికి సుమారు 20 కోట్ల అడుగులు. కారణం కనుక్కోవడానికి వారికి 10 నిమిషాలు పట్టినది, దిద్దడానికి 14, దిద్దినదానిని అన్ని యంత్రాలకు పంపడానికి 10.

మా అంగడిలో ఆ ఖాళీలు తుడిచివేయగానే యంత్రం కుదుటపడినది. అయితే అది ఉపశమనమే. గమనికకు ఇన్ని అక్షరాలని హద్దు పెట్టి, ఖాళీలను చివరి నుంచి వెనక్కి చూచేటట్టు దిద్దమని ప్రోగ్రాము రాసినవారికి కబురు పంపినాము.

మరునాడు యజమాని ముందర ఆ అమ్మాయితో “తప్పు మాదమ్మా, మన్నించు” అన్నాము. “పోనీలెండి సార్” అన్నదే గాని మా వైపు చూడలేదు. ఆమె పని నిలిచినది, సంతోషమే. కాని సోమవారం మా మాటలు విన్న ఆ పదిమందీ మూటలు తీసుకొని ఎవరి ఊరికి వారు పోయినారు. మా క్షమాపణ వారు వినలేదు. వారిలో కొందరు మన సంఘంవారే, ఈ పత్రిక చదివేవారే. అయ్యలారా, ఆ అమ్మాయి తప్పు ఏమీ లేదు. యంత్రాన్ని పాడుచేసినది మేమే.