మేలైన కంప్యూటరునకు పాత పాఠములు

మన కంప్యూటరుగదిలో నీ సంవత్సరము జరిగిన యొక చిన్న సంగతి చెప్పెదను. పదవ తరగతి బాలిక యొకతె మూడు దినములు శ్రమపడి వ్యాసమొకటి వ్రాసికొనెను. నాల్గవనాడు మఱియొక వ్రాతను పొరపాటున నదే పేరుతో భద్రపఱచెను. మొదటి వ్యాసము మాయమయ్యెను. తప్పామెదే యని యందఱు ననిరి. నాకు మాత్రము తప్పు యంత్రమును కూర్చినవారిదని తోచినది.

ఏలయనగా, ఈ కష్టమునకు మందు దాదాపు ఏబది యేండ్ల క్రిందటనే యుండెను. అమెరికాలో డిజిటల్ కంపెనీవారు 1977లో ప్రకటించిన వి.ఎం.ఎస్. అను వ్యవస్థలో, ఒక ఫైలును దిద్ది భద్రపఱచినప్పుడెల్ల దానికి క్రొత్త సంఖ్య చేరును. పాతప్రతి సాధారణముగా చెఱగక నిలిచియుండును. నేడును కొన్నియెడల నిట్టి సౌకర్యము కలదు గాని, తెలిసినవానికే యది యక్కఱకు వచ్చును. తెలియని బిడ్డను కాపాడుటయే గదా మంచి యంత్రము చేయవలసిన పని!

ఇంగ్లండులో 1981లో వెలువడిన బి.బి.సి. మైక్రో యను చిన్న యంత్రమును చూడుడు. మీట వేసినంతనే బేసిక్ భాష సిద్ధముగ నుండెడిది. బాలుడు రెండు పంక్తులు వ్రాసి యంత్రముచే పని చేయించుకొనెడివాడు. 1987లో ఆపిల్ కంపెనీయందు బిల్ అట్కిన్సన్ రచించిన హైపర్‌కార్డులో, చీట్లపై అక్షరములను, చిత్రములను, బొత్తాములను పేర్చి, ఉపాధ్యాయులు సైతము తమకు వలసినవానిని తామే చేసికొనిరి.

స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరమున నిక్లౌస్ విర్త్, యుర్గ్ గుట్‌క్నెక్ట్ అను పండితు లిరువురు 1980వ దశకము చివర ఓబెరాన్ అను వ్యవస్థను కూర్చిరి. అందు తెరమీద వ్రాసియున్న యాజ్ఞను మౌసుతో తాకినంతనే యది నెరవేరును. ఆ వ్యవస్థ యంతయు నొక్క పుస్తకమున వివరింపబడి 1992లో అచ్చయ్యెను. గడియారపు మూత తీసి చక్రములను చూచినట్లు, శ్రద్ధగల విద్యార్థి దానిని తుదముట్ట చదువగలడు. నేటి వ్యవస్థలలో కోట్లకొలది పంక్తులు కలవు. ఏ యొక్కరును వానిని సంపూర్ణముగ నెఱుగరు.

పాతదంతయు బంగారమని నేననను. ఓబెరానులో నొకపని తెమలక చిక్కుపడినచో తక్కినవియు నాగిపోవును. ఆ యంత్రములు దొంగలు తిరుగాడు నేటి ఇంటర్నెట్టు కొఱకు పుట్టినవి కావు. మన తెనుగు లిపికి యూనికోడునందు స్థానము లభించినదే 1991లో. కావున మనకు వలసినది పాతయంత్రము కాదు, పాత వివేకము.

నేను కోరు కంప్యూటరు వ్రాసినదానిని పోనీయక దాచును. మీట వేసినంతనే పనికి వచ్చును. తెనుగున నాజ్ఞలు గైకొనును. అడిగినవానికి తన లోపలి యంత్రాంగమును తెఱచి చూపును. వంటయింటికి తాళము వేసి భోజనము మాత్రము వడ్డించు నింట పిల్లలు వంట నేర్వరు. అట్లే, బొత్తాములు నొక్కుట మాత్రమే నేర్పు యంత్రమువలన మన బాలురు కొనువారగుదురే గాని చేయువారు కాజాలరు.

ఆ బాలిక వ్యాసమును మరల వ్రాసినది. అది మొదటిదానివలె లేదని యామెయే చెప్పినది. విద్యార్థులారా, యంత్రము తప్పుచేసినప్పుడు మిమ్ము మీరు నిందించుకొని యూరకుండకుడు. ఇది యిట్లేల యున్నదని యడుగుడు. ఇంతకంటె మేలుగా నొకప్పు డుండెనా యని వెదకుడు. రేపటి యంత్రమును కూర్చువారు మీలోనుండియే రావలెను.